మోసుల్‌లో మోసం లేదు

పై గది,
ఆదివారం

ప్రియమైన నాయినకు,

పై గది నుంచి కింది గదికి ఉత్తరం రాసే కూతురు మన లక్డారం మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఏం చేయను? నువ్వు నాతో మాటలు బంద్ పెట్టి నాలుగు రోజులైంది. అన్నం దగ్గర కూడా "ఇందిరా, నీ బిడ్డకు పప్పు గావాల్నేమో అడుగు" అంటున్నావు. నేను నీ పక్కనే కూర్చుని ఉన్నాను నాయినా.

పొద్దున అమ్మ తేల్చి చెప్పేసింది. "తండ్రీబిడ్డల నడుమ నేనేమన్న పోస్టుమ్యాన్‌నా? నోటితోని చెప్పుడు నాతోని గాదు. ఏదన్న ఉంటె కాయితం మీద రాసుకోన్రి, తెచ్చిస్త." అందుకే ఈ కాగితం.

మొన్న నేను సగం చెప్పగానే లేచి పొలానికి పోయావు. మిగతా సగం ఇది. ఇరాక్‌లో మోసుల్ అనే ఊళ్లో కూలిపోయిన దవాఖానాను మళ్లీ కట్టారు. కిడ్నీలు చెడిపోయిన వాళ్లకు డయాలసిస్ చేయాలంటే మామూలు నీళ్లు పనికిరావు, చాలా శుభ్రమైన నీళ్లు కావాలి. ఆ నీళ్ల ప్లాంటు మన పటాన్‌చెరులో, మా ఫ్యాక్టరీలోనే తయారైంది. ఎవరో ఒకరు పోయి దాన్ని బిగించి, నడిపి చూపించి రావాలి. మా మేనేజర్ ప్రభాకర్ సార్ నా పేరు రాశారు. ఆడపిల్లను సైట్ ఇన్‌చార్జిగా పంపడం మా కంపెనీలో ఇదే మొదలు. ఆ సంగతి విన్న రోజు క్యాంటీన్‌లో అందరికీ నేనే మిర్చి బజ్జీలు తినిపించాను.

బతుకమ్మ అయ్యాక ప్రయాణం. ఇరవై ఆరేళ్లదాన్ని, నువ్వు వద్దన్నా పోగలను. కానీ నువ్వు మాట్లాడకుండా ఉంటే నేను విమానం ఎక్కలేను. అది నీకు బాగా తెలుసు, అందుకే మాటలు బంద్ పెట్టావు. ఇది అన్యాయం.

టీవీ సౌండ్ కాస్త తగ్గించమని వేడుకుంటూ,
నీ నిషిత


కింది గది,
సోమవారం

చిరంజీవి నిషితకు నాయిన ఆశీర్వదించి రాస్తున్నది,

ఉత్తరం రాస్తే పుస్తకం భాషలోనే రాయాలని చిన్నప్పుడు మా సార్ నేర్పారు. అందుకని అట్లే రాస్తున్నాను. తిట్టడానికి మాత్రం ఆ భాష సరిపోవడం లేదు.

మోసుల్. పేరులోనే మోసం పెట్టుకున్న ఊరు అది. మోసగాడు ముందే పేరు చెప్పి మరీ పిలుస్తుంటే నువ్వు సంచి సర్దుకుంటున్నావు. పదో తరగతిలో నా పక్కనే కూర్చుని టీవీ చూశావు, మరిచావా? మన దేశపు కూలీలను ఎత్తుకుపోయి చంపింది ఆ ఊళ్లోనే. వాళ్ల తల్లులు ఏళ్ల తరబడి, మా కొడుకు ఎక్కడో బతికే ఉన్నాడని ఎదురుచూశారు. ఫోటో పట్టుకుని కూర్చున్న ఒక తల్లి ముఖం నాకు ఇప్పటికీ కళ్లలోనే ఉంది. ఆమె స్థానంలో మీ అమ్మను ఊహించుకుంటే నాకు అన్నం దిగడం లేదు.

నీళ్లు బాగుచేయాలని అంత కోరిక ఉంటే ముందు పటాన్‌చెరు బోర్ల నీళ్లు బాగుచెయ్. ఏ రోజు ఏ రంగులో వస్తాయో ఇక్కడ ఎవరూ చెప్పలేరు. జీవితానికి సరిపడా పని ఉంటుంది, పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రావచ్చు.

నిన్ను పోనీయను. మాట్లాడను కూడా. టీవీ సౌండ్ తగ్గించాను.

నీ తండ్రి,
నర్సింహులు


పై గది,
మంగళవారం

ప్రియమైన, మొండి నాయినకు,

ఆ తల్లి ముఖం నేనూ మరిచిపోలేదు. నీ భయం ఉత్తదని నేను ఏనాడూ అనను.

కానీ ఒకటి గుర్తు చేస్తాను. నాకు ఎనిమిదేళ్లప్పుడు హైదరాబాద్‌లో కోఠిలో, లుంబిని పార్కులో బాంబులు పేలాయి. ఆ తర్వాత దసరా బట్టలకు కూడా నువ్వు మమ్మల్ని పట్నం తీసుకుపోలేదు. సంగారెడ్డిలోనే కొన్నావు. నాకు రెండేళ్లు వరుసగా ఒకే రకం పూల గౌను. కొన్నేళ్లకు దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్లీ పేలాయి, మళ్లీ పట్నం బంద్. మరి ఇప్పుడు? వారం వారం అమ్మను తీసుకుని కోఠికే పోతున్నావు. పార్కింగ్ దొరకదని తప్ప ఇంక దేనికీ భయపడవు.

ప్రపంచంలో ఎక్కడెక్కడ ఇట్లాంటి దాడులు జరుగుతున్నాయో ఏటా లెక్క తీసేవాళ్లున్నారు. పదేళ్ల కింద ఆ లెక్కలో ఇరాక్ అన్నిటికంటే పైన ఉండేది. ఇప్పుడు మొదటి పది పేర్లలో కూడా లేదు. ప్రమాదం ఊరు మారింది నాయినా. మన భయం మాత్రం పాత ఊళ్లోనే కూర్చుంది. అక్కడి వాళ్లు ఇళ్లు కట్టుకుంటున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, వాళ్లకు మంచినీళ్లు కావాలి. నేను అడుగుతున్నది అంతే.

ఒక్క మాట మాట్లాడు. తిట్టు అయినా సరే.

నీ నిషి


కింది గది,
శుక్రవారం

చిరంజీవి నిషితకు,

మూడు రోజులు జవాబు రాయలేదని అలిగినట్టున్నావు. నేను ఊరికే కూర్చోలేదు. పని సాధించుకొచ్చాను.

నిన్న ఇస్త్రీ అంగీ వేసుకుని, ఒక గోనెసంచి నిండా మన బెండకాయలు తీసుకుని మీ ఫ్యాక్టరీకి పోయాను. ప్రభాకర్ సార్ మంచివాడు, కుర్చీ వేసి చాయ్ తాగించాడు. "సారూ, నా బిడ్డను పనికి పంపొద్దని నేనంటలేను. మోసుల్ ఒద్దంటున్న. వేరే దేశం ఏదన్న ఉంటె సూడున్రి" అన్నాను. ఆయన కంప్యూటర్‌లో చూసి, మోసుల్‌కు మీ ఫ్యాక్టరీలోనే పనిచేసే నవీన్‌ను పంపవచ్చు గానీ నిషితకు ఇప్పుడైతే ఒకటే ఉంది, మాలి అన్నాడు.

మాలి! ఆ పేరు వినగానే నా ప్రాణం లేచి వచ్చింది బిడ్డా. తోటమాలి లెక్క ఎంత సల్లటి పేరు! టీవీలో ఏనాడూ వినలేదు. గొడవలు ఉన్న దేశమైతే వినేవాళ్లమే కదా? "అదే రాయున్రి సారూ, జల్దీ రాయున్రి" అన్నాను. సార్ ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు, దండం పెట్టి వచ్చేశాను.

ఇన్‌చార్జివి నువ్వే. నీ కోరిక తీరింది, నా గుండె నిమ్మళమైంది. ఆ దేశంలో పూల మొక్కలు బాగుంటే ఒక గుప్పెడు విత్తనాలు తీసుకురా.

సంతోషంతో,
నీ తండ్రి


పై గది,
శుక్రవారమే

నాయినా,

పెనం మీది నుంచి తీసి పొయ్యిలో వేశావు.

నేను చెప్పిన లెక్కలో ఇప్పుడు మొదటి అయిదు పేర్లలో ఉన్న దేశం మాలి. సహారా ఎడారికి కింద సాహెల్ అని ఒక ప్రాంతం ఉంది. ప్రపంచం మొత్తంలో ఇట్లాంటి దాడుల్లో చచ్చిపోయే వాళ్లలో సగానికి పైగా అక్కడి వాళ్లే. ఈ మధ్యనే అక్కడ ఫ్యాక్టరీలో పనిచేసే మనవాళ్లను ఎత్తుకుపోయారు కూడా. మన టీవీలో రాకపోతే అక్కడ ఏమీ జరగనట్టు కాదు. మనకు ఎవరూ చెప్పలేదన్నట్టు.

మొదట నవ్వు ఆగలేదు. మంచం మీద పడి నవ్వాను, అమ్మ పైకొచ్చి "పిచ్చి గిట్ల లేసిందా?" అంది. ఆ తర్వాత మాలి పేరు పక్కన నా పేరు రాసి ఉన్న మెయిల్ చూశాను. నవ్వు ఆగిపోయింది. నిజం చెప్తున్నాను, నాకు భయమైంది.

నీ నిషి


కింది గది,
ఆదివారం

బిడ్డా,

నీ ఉత్తరం చదివి నిన్న పొద్దున అన్నం తినకుండా ఉరికాను. ఈసారి బెండకాయలు తీసుకుపోవాలని కూడా తోచలేదు.

నన్ను చూడగానే ప్రభాకర్ సార్ నవ్వాడు. "పెద్దాయనా, మొన్న చెప్పబోతె నువ్వు ఆగకపోతివి. నువ్వు అడిగినవని పేరు రాసిన గని, ఆ మాలి పనికి ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకుంట లేరు. కంపెనీ ఎవ్వర్ని పంపుత లేదు. గని మోసుల్ ఇప్పుడు నవీన్ పేరు మీదున్నది. ఆయన ఒదులుకుంటెనే నీ బిడ్డకు ఒస్తది."

నా కాళ్లు బీరంగూడ దిక్కు పోయాయి. దారిలో నాకే విచిత్రం అనిపించింది. వారం కింద ఏ ఊరు వద్దని దేవుళ్లందరికీ మొక్కానో, ఇప్పుడు అదే ఊరు ఇప్పించమని అడుక్కోవడానికి పోతున్నాను. నవీన్ ఇల్లు దొరికింది. తలుపు తీసింది వాళ్ల అమ్మ దేవమ్మ. లోపల నవీన్ ఒక్కడే కూర్చుని తింటున్నాడు. ఆమె గోడ దిక్కు తిరిగి, "వచ్చినాయన ఎవరో అడుగున్రి జెర" అంది. ఎవరితో అంటున్నదో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, మోసుల్ పేరు విన్నప్పటి నుంచి ఆమె కూడా కొడుకుతో మాటలు బంద్ పెట్టిందట!

నేను వచ్చిన పని చెప్పగానే ఆమె నా కాళ్లు మొక్కబోయింది. "అన్నా, నువ్వు మనిషివి గాదు, దేవునివి. జల్దీ తీస్కపో ఆ మోసుల్‌ను" అంది. పెసరట్లు వేసి పెట్టింది. నవీన్ నన్ను చూసి పళ్లు నూరాడు గానీ తల్లి మాట్లాడిందన్న సంతోషంలో సరేనన్నాడు.

మోసుల్ మళ్లీ నీదే. నా భయం పోలేదు. కానీ పేరును చూసి భయపడితే ఏమవుతుందో నాకు తెలిసొచ్చింది. మాటలు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టను. నాకూ ఒక పరువు ఉంది.

నీ తండ్రి


మోసుల్,
నవంబర్

ప్రియమైన నాయినకు,

విమానాశ్రయంలో అందరి ముందు "పాస్‌పోర్టు పెట్టుకున్నవా బిడ్డా?" అని నువ్వు గట్టిగా అరిచావు చూడు, అన్ని రోజుల తర్వాత నీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. క్యూలో ఉన్నవాళ్లంతా వాళ్ల వాళ్ల పాస్‌పోర్టులు తడుముకున్నారు. నేను విమానంలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను, సంతోషంతోనే.

ఇప్పుడు ఫోన్‌లో రోజూ మాట్లాడుతున్నావు, కానీ "తిన్నవా, పన్నవా" దాటి ముందుకు పోవు. అందుకే ఇది రాసి ఫోటో తీసి పంపుతున్నాను.

ఊళ్లో సగం గోడలు ఇంకా తూట్లు పడే ఉన్నాయి. ఆ గోడల ముందే పిల్లలు బంతి ఆడుతున్నారు, బజారులో అద్దాల తలుపుల కొత్త దుకాణాలు తెరుస్తున్నారు. టిగ్రిస్ నది ఒడ్డున సాయంత్రం చేపలు కాలుస్తారు, ఆ వాసనకు నాకు రోజూ రెండోసారి ఆకలి వేస్తుంది. ప్లాంటు మొన్న మొదలైంది. మొదటి గ్లాసు నీళ్లు డాక్టర్ గారు పరీక్షకు పంపి, ఫలితం చూసి నా చేతులు పట్టుకుని ఊపారు. అమ్మకు చెప్పు, నేను ఎగిరి గంతేశాను.

ఇక అసలు సంగతి. దవాఖానాలో స్టోర్ చూసే యూనిస్ గారని ఒక పెద్దాయన ఉన్నారు. నేను పని ముగించి గెస్ట్‌హౌస్‌కు నడిచిపోతుంటే, రోజూ పది అడుగులు వెనక నడుస్తూ వచ్చి నేను లోపలికి పోయి గొళ్లెం పెట్టేదాకా నిలబడతారు. ఎందుకని డాక్టర్ గారితో అడిగిస్తే "మీ నాన్న ఇక్కడ లేడు కదా" అన్నారు.

ఆయన కూతురి పేరు సజా. మన దగ్గర సజా అంటే శిక్ష కదా, ఏ నేరానికి అని నువ్వు అడుగుతావని తెలుసు. వాళ్ల భాషలో ఆ మాటకు రాత్రి సద్దుమణగడం అని అర్థమట. ఆ అమ్మాయికి మన దగ్గర ఫార్మసీ కాలేజీలో సీటు వచ్చింది. ఆయన పంపనంటున్నారు. ఎవరో ఫోన్‌లో హైదరాబాద్ బాంబుల పాత వీడియోలు చూపించారు. అవి నిన్న మొన్నటివే అనుకున్నారు. నేను చెప్పినా నమ్మడం లేదు, ఆ ఊరి పిల్లవి కదా, అట్లాగే చెప్తావు అంటున్నారు. సజాతో మాట్లాడడం మానేశారు. ఇంట్లో ఆమె కాగితాలు రాస్తున్నదట!

నువ్వు ఆయనకు రెండు మాటలు రాయవా? ఒక తండ్రి చెప్తే వేరు.

నీ ఇన్‌చార్జి కూతురు,
నిషి


లక్డారం,
నవంబర్

చిరంజీవి నిషితకు,

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. గంతు దగ్గర ఆమె కూడా లేచి నిలబడింది.

యూనిస్ గారికి ఈ కింది మాటలు వాళ్ల భాషలో చెప్పించు. అందంగా మార్చకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు.

"యూనిస్ గారికి నమస్కారం. నా బిడ్డను మీ ఊరికి పంపనని నేను మా ఇంట్లో మూగవాడినయ్యాను. మీ ఊరి పేరు మా చెవికి మోసం అని వినిపించింది. ఆ తప్పు మా చెవిది. మీరు చూసిన బాంబులు నిజమే, మా పట్నంలోనే పేలాయి. పాపం చాట్ తిందామని పోయిన వాళ్లు చచ్చిపోయారు. అది పాత మాట, కానీ అబద్ధం కాదు. ఇక ముందు ఏమీ కాదని నేను ఒట్టు పెట్టలేను. ఏ ఊళ్లో ఏ తండ్రీ పెట్టలేడు. నేను చేయగలిగింది ఒక్కటే. మీరు నా బిడ్డ వెనక నడిచినట్టు నేను మీ బిడ్డ వెనక నడుస్తాను. నమ్మకం లేకపోతే మీరే వచ్చి చూడండి. ఇంట్లో జాగా ఉంది."

ఇది రాయడానికి నాకు మూడు కాగితాలు చిరిగాయి.

నీ తండ్రి


లక్డారం,
ఫిబ్రవరి

చిరంజీవి నిషితకు,

తండ్రీకూతుళ్లు ఇద్దరూ వచ్చారు. ఫోన్‌లో సజా నీకు సగం చెప్పే ఉంటుంది, ఆమెకు తెలియని సగం నేను రాస్తున్నాను.

మొదటి రోజు యూనిస్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. రోడ్డు మీద లారీ హారన్ కొట్టినా ఉలిక్కిపడ్డాడు. పాలు పోసిన చాయ్ ముట్టలేదు. మీ అమ్మ డికాషన్‌లో ఇంత చక్కెర వేసి ఇస్తే కళ్లు మూసుకుని తాగాడు. నాకు అరబ్బీ రాదు, ఆయనకు తెలుగు రాదు. కూర్చోమని "కుర్సీ" అన్నాను. ఆయన నన్నే చూసి "కుర్సీ?" అన్నాడు. వాళ్ల దగ్గర కూడా అది కుర్సీయేనట! చేతులు కడుక్కోవడానికి సాబూన్ ఇస్తే, అది కూడా వాళ్లదేనట. ఇక మేమిద్దరం చిన్నపిల్లల్లాగా ఇల్లంతా తిరిగి ఒక్కొక్క వస్తువూ, తోచిన ఒక్కొక్క మాటా కలుస్తుందా అని చూసుకున్నాం. కలం కలిసింది, జవాబు కలిసింది, దునియా కలిసింది. బెండకాయ దగ్గర కూడా ఏదో ఒకటి అన్నాడు, అది మాత్రం కలవలేదు. మీ అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

రెండో రోజు మధ్యాహ్నం అందరం వసారాలో తింటున్నాం. ఊరి వెనక రాళ్ల క్వారీలో బ్లాస్టింగ్ చేశారు.

మనకు అది రోజూ ఉండేదే. గిన్నెలు ఒకసారి గలగలమంటాయి, మనం తల కూడా ఎత్తం. ఆయనకు ముందుగా చెప్పాలని నాకు తోచలేదు బిడ్డా. ఆ చప్పుడుకు యూనిస్ సజాను కిందికి లాగి తన ఒళ్లు ఆమె మీద అడ్డం వేశాడు. పళ్లెం ఎగిరి పడింది. ఆ ముసలి చేతులు పిల్ల తలను చుట్టూ కప్పేశాయి. నేను టీవీ చూసి భయపడినవాణ్ని. ఆయన ఒంటితో పడ్డవాడు. ఆ తేడా నాకు అప్పుడు తెలిసింది.

రాళ్లు, క్వారీ అని ఎట్లా చెప్పాలి? నేనూ పోయి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. వీపు మీద చెయ్యి వేసి, మనం అనే మాటే అన్నాను. "ఖలాస్."

ఆయన తల ఎత్తాడు. "ఖలాస్?"

"ఖలాస్ అన్నా. అయిపోయింది. ఖలాస్."

ఆ మాట కూడా కలిసింది. ఆయన లేచి కూర్చుని ముందు ఏడ్చాడు, ఆ తర్వాత నవ్వాడు. సజా నవ్వింది, మీ అమ్మ మళ్లీ పళ్లెం పెట్టింది.

మరునాడు ఆయన్ను క్వారీ దగ్గరికి తీసుకుపోయాను. చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో కళ్లతో చూసుకున్నాడు. ఆ సాయంత్రమే సజా పెట్టె పై గదిలో తన చేత్తో పెట్టాడు. కాలేజీ హాస్టల్ తెరిచేదాకా ఆ గది ఆమెదే. అక్కడి వాళ్లకు పని నేర్పడం అయ్యి నువ్వు వస్తే నీకు వసారాలో మంచం వేస్తాం, అలగకు.

నిన్న ఆయన్ను విమానం ఎక్కించాం. లోపలికి పోయే ముందు సజా ముఖం రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పాడు. అందులో ఒక్క మాట కూడా నాకు తెలిసింది లేదు. అయినా మొత్తం అర్థమైంది. తండ్రి ఇంకేం చెప్తాడు?

ఇద్దరు బిడ్డల నాయిన,
నర్సింహులు